స్థానం నరసింహారావు జీవితం : తెనాలి ఔత్సాహిక రంగస్థలం

స్త్రీప్రత్యయ ప్రకరణానికి మొదట నిలిచిన ‘స్త్రియామ్’ అనే పాణినిసూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ పతంజలి, అసలు స్త్రీత్వమంటే ఏమిటన్న ప్రశ్నను లేవనెత్తినాడు. స్తనకేశాది బాహ్యచిహ్నాలే స్త్రీత్వలక్షణమని అంగీకరిస్తే, స్త్రీవేషం ధరించిన నటుని చెప్పే భ్రూకుంస శబ్దానికి కూడ స్త్రీప్రత్యయం చేర్చవలసి వస్తుందని ఆయన దోషం చూపినాడు. వైయాకరణులకు అది అతివ్యాప్తి. నాటకచరిత్ర పరిశీలకునికి మాత్రం, క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దినాటికే పురుషుడు స్త్రీపాత్ర ధరించడం శాస్త్రగ్రంథంలో ఉదాహరణగా ఎత్తదగినంత లోకప్రసిద్ధమై ఉండినదని చెప్పే సాక్ష్యం. అమరసింహుడు నాట్యవర్గంలో ఆ శబ్దానికి మూడు రూపాలు చూపినాడు. భరతుడు నటప్రకృతులను మూడు విధాలుగా విభజించి, పురుషుడు స్త్రీభావాన్ని అనుకరించే దానికి రూపానుసారిణి అని పేరు పెట్టినాడు. భవభూతి మాలతీమాధవ ప్రస్తావనలో సూత్రధారుడే కామందకిగా, పారిపార్శ్వికుడే అవలోకితగా ప్రవేశించడానికి సిద్ధపడతారు. కనుక ఈ ఆచారం పార్శీ కంపెనీల నుండి, ధార్వాడ నాటక బృందాల నుండి మనకు సంక్రమించిన కొత్త ప్రక్రియ అనుకోవడం పొరపాటు.

ఈ ప్రాచీన ప్రకృతిభేదానికి తెలుగు పద్యనాటకరంగంలో శిఖరప్రాయుడైన నటుడు పద్మశ్రీ స్థానం నరసింహారావుగారు. ఆయనను గూర్చి వ్రాసేవారు సాధారణంగా ఆయన వేషం చూసి స్త్రీలే భ్రమించేవారని చెప్పి అక్కడితో విరమిస్తారు. భ్రమ కల్పించడమే పరమావధి అయితే అది నేపథ్యశాల చాతుర్యం మాత్రమే కావాలి. అంతకంటె గంభీరమైన విషయం ఆయన జీవితంలో ఉన్నదని, ఆ కళకు అవకాశమిచ్చినది జీతాలమీద నడిచే కంపెనీ కాక ఒక పట్టణపు ఔత్సాహిక సభ అని, ఆ సభకున్న గౌరవమూ లోపమూ రెండూ ఆయన నటనలోనే కనబడతాయని నిరూపించడం ఈ వ్యాసకర్త ఉద్దేశం.

ముందు ఆ సభలు పుట్టిన నేలను చూడాలి. విజయవాడ, సీతానగరాల మధ్య కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తి అయినది. కాలువలు పారి మాగాణి పెరిగినది. 1893లో కృష్ణపై రైలువంతెన ఏర్పడిన తరువాత విజయవాడ కూడలి అయినది. తెనాలి, గుడివాడ, ఏలూరు, బందరు పట్టణాలు ధాన్యపు వర్తకంతో, కోర్టులతో, పాఠశాలలతో కళకళలాడినాయి. కుప్పలు నూర్చి ధాన్యం ఇల్లు చేరిన తరువాత రైతుకు తీరిక, చేతిలో నాలుగు రూపాయలు ఉండే మాసాలే నాటకాలకు అదను. బందరులో నాదెళ్ల పురుషోత్తమకవిగారు పందొమ్మిదవ శతాబ్ది ఎనుబదులలోనే హిందూస్థానీ భాషలో నాటకాలు వ్రాసి ప్రదర్శింపజేసినారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరస వినోదిని సభను నెలకొల్పి, నాటకంలో పద్యానికి తోడు పాటను ప్రవేశపెట్టినారు. ఆ ఒరవడి డెల్టాకు వ్యాపించినది. పగలు వకీలుగానో, ఉపాధ్యాయుడుగానో, వైద్యుడుగానో, గుమాస్తాగానో బ్రతుకుతెరువు చూసుకొనేవారు రాత్రివేళ గదాధారులై, కిరీటధారులై రాగాలాపన చేసినారు. ఏలూరులో న్యాయవాదవృత్తిలో ఉంటూ రంగస్థలానికి, తరువాత కూచిపూడికి సేవ చేసిన బందా కనకలింగేశ్వరరావుగారు ఈ కోవకు ప్రసిద్ధమైన ఉదాహరణం. డెల్టాలో చెప్పుకోదగిన పట్టణానికల్లా ఒక సమాజం ఉండేది.

ఈ సమాజాలలో స్త్రీలు లేరు. తెలుగుదేశంలోనే నటీమణులు లేరని దీని అర్థం కాదు. సురభి కుటుంబాలలో స్త్రీలు మొదటినుండి స్త్రీపాత్రలు ధరిస్తూనే ఉన్నారు. అక్కడ భర్త రాజైతే భార్య రాణి, బిడ్డ రాజకుమారుడు. నాటకమే వారి ఇల్లు. ఔత్సాహిక సభ వేరు. అందులోని సభ్యులకు ఇల్లు వేరు, రంగం వేరు. ఇంటి ఆడవారు రంగమెక్కడం ఊహకు కూడ అందని కాలమది. గానాభినయాలు కులవిద్యగా గల కళావంతుల స్త్రీలను చేర్చుకొంటే సభ మర్యాదకు భంగమని భయం. సంస్కరణోద్యమం వేశ్యానాట్యాన్ని నిరసించిన రోజులు గనుక ఆ భయం మరింత బలపడినది. ఈ రెండు నిషేధాల నడుమ ఏర్పడిన ఖాళీలో నిలిచినవాడు స్త్రీపాత్రధారి.

నరసింహారావుగారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించినారు. తండ్రి హనుమంతరావుగారు. అప్పటికి కృష్ణాజిల్లాలో ఉన్న ఆ ప్రాంతం రెండేళ్ల తరువాత గుంటూరుజిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 2022 నుండి బాపట్లయే జిల్లాకేంద్రం. ఆయన రంగప్రవేశం యాదృచ్ఛికం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఏర్పాటైన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. పదునెనిమిదవ ఏట ఉన్న నరసింహారావుగారు ఆ పాత్ర తాను ధరిస్తానని ముందుకు వచ్చినారు. ఆ రాత్రితో ఆయన జీవితమార్గం నిశ్చయమైనది.

చంద్రమతి పాత్రలో తొలిసారి నిలిచే యువకునికి ఉండే కష్టాన్ని ఒక్కక్షణం ఆలోచించాలి. వారణాసి ఘట్టంలో ఆమె దాసి, శ్మశానఘట్టంలో మృతపుత్రను ఒడిలో ఉంచుకొన్న తల్లి. శృంగారపు హొయలతో గెలుచుకొనే పాత్ర కాదది. చీరకట్టు, జడ, గాజులు కొంతదూరమే తోడు వస్తాయి. తరువాత శోకమే నిలబెట్టాలి. ఆహార్యంతో మొదలైనవాడు సాత్త్వికంతో గట్టెక్కవలసిన పరీక్ష ఆయనకు మొదటి రాత్రే ఎదురైనది. ఆయన తరువాతి నటనకు ఇదే బీజమని నా అభిప్రాయం.

బాపట్లనుండి ఆయన తెనాలి చేరినారు. మూడు కాలువల నడుమ పెరిగిన ఆ ఊరిని ఆంధ్రా ప్యారిస్ అని పిలుచుకొనడం డెల్టావాసులకు ఇప్పటికీ ఒక వేడుక. ఆ దశకపు ఆరంభంలో అక్కడ వెలసిన శ్రీరామ విలాస సభ నరసింహారావుగారికి నెలవైనది. సహనటులు సామాన్యులు కారు. మాధవపెద్ది వేంకట్రామయ్యగారు దుర్యోధనాది వీరపాత్రలలో సాటిలేనివారు. గోవిందరాజుల సుబ్బారావుగారు వృత్తిచేత వైద్యులు. తరువాత 1938లో మాలపిల్ల చిత్రంతో ప్రారంభించి చలనచిత్రాలలోనూ ఖ్యాతి గడించినారు. పిల్లలమర్రి సుందరరామయ్యగారు వంటి నటులు కూడ ఆ సభలో ఉండినారు. నటుని ప్రతిభ సహనటుని ప్రతిభతో రాచుకొన్నప్పుడే పదునెక్కుతుంది. ఎదుట మాధవపెద్దివారి వంటి కంఠం మ్రోగుతున్నప్పుడు స్త్రీపాత్ర కేవలం తలవంచి నిలిస్తే చాలదు.

ఔత్సాహిక సభ పనితీరును గూర్చి నాలుగు మాటలు చెప్పాలి. కచేరీలు, దుకాణాలు మూసిన తరువాత రిహార్సలు మొదలయ్యేవి. హార్మోనిస్టు శ్రుతి పట్టి కూర్చుంటే, ఎవరి పద్యం ఏ రాగంలో సాగాలో అక్కడే స్థిరపడేది. దర్బారు, అడవి, వీధి చిత్రించిన తెరలు, పెట్రోమాక్సు దీపాలు, నేల, బెంచి, కుర్చీ అంటూ తరగతులుగా టికెట్లు, తెల్లవారుజాము వరకు సాగే ప్రదర్శన: ఇదంతా కంపెనీలకూ సభలకూ సమానమే. భేదమంతా కాలవ్యయంలో ఉన్నది. కంపెనీకి నాటకం ఆడకపోతే పూట గడవదు. సభకు ఆ తొందర లేదు. ఒక పాత్రను మాసాల తరబడి తరచి చూసుకొనే వ్యవధి ఉంటుంది. ఊరిలోని పండితుడు, లాయరు, సంగీతజ్ఞుడు వచ్చి కూర్చుని తప్పులు దిద్దే అవకాశం ఉంటుంది. నరసింహారావుగారి పాత్రలలోని నగిషీ ఈ తీరికలో పుట్టినదే.

గానం మాట కూడ ఇక్కడే చెప్పడం మేలు. స్త్రీలకు గానం, పురుషులకు పాఠ్యం స్వభావసిద్ధమని నాట్యశాస్త్రం అన్నది. ఆనాటి పద్యనాటకరంగం ఈ మాటను తలక్రిందులు చేసినది. పురుషుడే పాడి, పురుషుడే పఠించినాడు. పైగా పద్యం చివరి అక్షరం మీద రాగాన్ని సాగదీసి, ప్రేక్షకులు వన్స్‌మోర్ అన్నకొలది మళ్లీ పాడి, మరణించిన పాత్ర కూడ లేచి పద్యం పాడి మళ్లీ మరణించే దురవస్థకు రంగస్థలం చేరినది. హాస్యానికి అంటున్న మాట కాదు. ఆ కాలపు నాటకాలు చూసిన పెద్దలందరూ చెప్పుకొన్నదే. నరసింహారావుగారి పాట ఈ వరవడికి లోబడలేదు. పాట ఆయనకు అభినయానికి ఆలంబనం. ఒక పల్లవిని తిప్పి తిప్పి పాడినా, స్వరకల్పన చూపడానికి కాక, ఆ పల్లవిలోని భావాన్ని పలుకోణాలలో చూపడానికే పాడేవారు. కూచిపూడి భాగవతులు పదాభినయంలో చేసే సంచారిభావ విస్తరణకు ఇది చుట్టరికం.

దీనికి పరాకాష్ఠ ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణతులాభారంలోని సత్యభామ. డెల్టా ప్రేక్షకునికి సత్యభామ క్రొత్త కాదు. నంది తిమ్మన పారిజాతాపహరణంలోని అలుకసత్యను పండితుడు ఎరుగును. కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడినుండి వచ్చే భాగవతుల భామాకలాపంలో జడ ముందుకు వేసుకొని తన పేరు చెప్పుకొనే సత్యను పామరుడు ఎరుగును. ఆ భామను ధరించేవాడూ పురుషుడే. ఇంత సుపరిచితమైన పాత్రలో కొత్తదనం చూపడమే కష్టం. తిమ్మన సత్య ఖండిత, కోపన. కలాపంలోని భామ విరహోత్కంఠిత. తులాభారంలో ఆమె మొదట స్వాధీనపతిక. ఆ స్వాధీనతను లోకానికి చాటబోయి నారదుని మాటకు లోబడి భర్తను దానమిస్తుంది. తూకానికి నగలన్నీ చాలక చివరకు రుక్మిణి పాదాల చెంతకు పోతుంది. ఒక రాత్రిలో నాయికావస్థలు ఇన్ని మారే పాత్ర మన నాటకాలలో అరుదు.

కృష్ణుడు తన మాట దాటలేడన్న ధీమాతో సత్య పాడే ‘మీరజాలగలడా’ అనే పాటను నరసింహారావుగారే రచించినారు. నటుడు తన పాత్రకు లోటని తోచిన చోట తానే పూరించుకొన్నాడన్నమాట. నాటకకర్త కల్పించిన గర్వం సంభాషణలో, పద్యంలో ఉన్నది. కాని ఆ గర్వంలో ఉన్న ముద్దు, ఆ ముద్దులో దాగిన భయం పాటకే సాధ్యం. తరువాతి తులాభారంలో సత్య పొందే భంగపాటుకు ఈ ధీమా పునాది. ఇది లేకపోతే రుక్మిణి తులసిదళం గెలుపు భక్తికథగా మిగులుతుంది. ఉంటే సత్య కథ అవుతుంది. పాత్రజ్ఞత అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. నాటకం పేరు చెప్పగానే ఇప్పటికీ తెలుగువారికి ముందుగా స్ఫురించేది నాటకకర్త పద్యం కాక నటుడు చేర్చిన ఈ పాట కావడం నాటకసాహిత్య విమర్శకులు ఆలోచించదగిన విషయం.

ఆయన ప్రసిద్ధపాత్రల పట్టికను పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. సారంగధరలో చిత్రాంగి సవతికొడుకును కామించిన రాణి. రోషనార మొగలాయి అంతఃపురస్త్రీ. వేషభాషలు, నమస్కరించే తీరు, మేలిముసుగు పట్టే చేయి అన్నీ వేరు. విప్రనారాయణలో దేవదేవి, కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి, గురజాడవారి కన్యాశుల్కంలో మధురవాణి, ఈ ముగ్గురూ వేశ్యలు. సీతాసావిత్రుల వంటి పతివ్రతాపాత్రలకంటె ఈ పాత్రలే ఆయన పేరును నిలిపినాయి.

దీనికి కారణం కొంతవరకు నాటకకర్తలు. ఆనాటి నాటకాలలో నోరున్న స్త్రీ, బుద్ధితో కథను నడిపే స్త్రీ, పాటకు సందర్భంగల స్త్రీ చాలవరకు వేశ్యయే. మిగిలినవారు విలపిస్తారు. గొప్పనటుడు సహజంగా ఆ మొదటి రకాన్నే వెదుక్కొంటాడు. అయితే దీనికి మరొక ముఖం ఉన్నది. దేవదేవి, చింతామణి, మధురవాణి ఏ కులవృత్తిలో పుట్టినవారో ఆ కులపు స్త్రీలకు సభ గడప దాటే అర్హత లేదు. వారి విద్యను, వారి హావభావాలను, వారి మాటతీరును కులీనుడైన నటుడు ప్రదర్శిస్తే చప్పట్లు. వారే ప్రదర్శిస్తే అపవాదు. దేవదాసీ సమర్పణను నిషేధించే మద్రాసు శాసనం 1947లో వచ్చేనాటికి వారి మేళాలు చాలవరకు చెదిరిపోయినాయి. నరసింహారావుగారిని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆయన ఆ పాత్రలను పరిహాసం చేయలేదు; వాటికి గౌరవం సమకూర్చినారు. దేవదేవి వంచకి స్థితినుండి పశ్చాత్తప్తగా మారే క్రమం గాని, చింతామణి విరక్తి గాని నవ్వులాటగా నటిస్తే నిలిచేవి కావు. ఐనా ఆ గౌరవం పాత్రకు దక్కినది, పాత్రకు మూలమైన మనుషులకు దక్కలేదు. నాటకచరిత్ర వ్రాసేటప్పుడు ఈ రెండింటినీ ఒకేచోట పెట్టి చెప్పకపోతే అది అర్ధసత్యం.

మధురవాణిని గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. కన్యాశుల్కంలో పద్యనాటకనటునికి అలవాటైన ఊతకర్రలేవీ లేవు. వ్యావహారిక గద్యం, తేలికైన చతురోక్తి, మాటకు మాట. రాగం మీద ఆనుకొని నిలబడే నటులు ఇక్కడ తడబడతారు. పైగా చివరి అంకంలో మధురవాణి పురుషవేషంలో సౌజన్యారావు పంతులుగారి దగ్గరకు వస్తుంది. పురుషుడు స్త్రీ అయి, ఆ స్త్రీ పురుషుడై, ఆ పురుషవేషంలోనుండి మళ్లీ స్త్రీత్వం తొంగిచూడాలి. షేక్స్పియరు రోజాలిండును ఆనాటి బాలనటులు ధరించిన సందర్భం వంటిదిది. పతంజలి భ్రూకుంసుని ఉదాహరించి బాహ్యచిహ్నాలు లక్షణం కావని త్రోసిపుచ్చిన వాదం ఈ అంకంలో రంగస్థలం మీదనే నడుస్తుంది. చీర లేదు, జడ లేదు. స్త్రీత్వమంతా పలుకులో, చూపులో మాత్రమే ఉండాలి. పద్యనాటకపు సత్యభామను, గద్యనాటకపు మధురవాణిని ఒకే నటుడు మెప్పించడం ఆయన శక్తికి కొలబద్ద.

ఇంతలో కాలం మారుతున్నది. 1929లో సురభికి చెందిన వనారస గోవిందరావుగారి పూనికతో నటులు తెనాలిలో సమావేశమైనారు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఆ సమావేశం ఫలం. స్థానంవారి ఊరిలోనే తెలుగు నాటకరంగం తన భవిష్యత్తును గూర్చి ఆలోచించడానికి కూర్చున్నదన్నమాట. ఆ తరానికి మార్గదర్శి అయిన బళ్లారి రాఘవగారు స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని గట్టిగా పట్టుపట్టినారు. కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి విద్యావంతులైన గృహిణులను రంగమెక్కించి, వారితో కలిసి నటించి చూపినారు. పాశ్చాత్య రంగస్థలాన్ని ఎరిగిన రాఘవగారి దృష్టిలో పురుషుని స్త్రీవేషం కళకు, సమాజానికి రెండింటికీ లోపమే.

రాఘవగారి వాదం న్యాయమైనదని నేడు ఎవరమూ కాదనలేము. మరి స్థానంవారి కళ అన్యాయమా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం చెప్పడానికి నాకు మనసొప్పదు. స్త్రీలేని రంగంలో స్త్రీకి ప్రత్యామ్నాయంగా నిలవడం వేరు. భరతుడు చెప్పిన రూపానుసారిణిగా, స్త్రీ ఉన్న రంగంలో కూడ ఒక స్వతంత్రశిల్పంగా నిలవడం వేరు. మొదటిది సామాజిక అవసరం. అవసరం తీరిన నాడు పోతుంది, పోవాలి. రెండవది శిల్పం. నరసింహారావుగారు మొదటి ద్వారంగుండా ప్రవేశించి రెండవదానిని చేరినారు. ప్రవేశద్వారం మూసుకొన్న తరువాత ఆయన వెనుక వచ్చేవారికి దారి ఇరుకైనది. చీర కట్టడం నేర్వదలచిన యువకునికి ఇక ఏ సభా పాత్ర సిద్ధంగా ఉంచి ఎదురుచూడదు.

సభలను ముందుగా దెబ్బతీసినది నటీమణులు కారు, కంట్రాక్టు నాటకాలు. ఎవరో వర్తకుడు ఒక ఊరిలో పాక వేసి, ఈ సభనుండి కృష్ణుని, ఆ కంపెనీనుండి అర్జునుని, మరొకచోటినుండి కర్ణుని పారితోషికం ఇచ్చి పిలిపిస్తాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. రిహార్సలు లేదు, సమన్వయం లేదు. ఎవరి పద్యం వారిది, ఎవరి చప్పట్లు వారివి. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయాలు ఈ పద్ధతికి ఎక్కువగా ఎర అయినాయి. సమాజంగా కలిసి సాధన చేసిన నటులు విడివిడిగా విలువకట్టబడినారు. పాత్రల పరస్పర సంబంధం మీద ఆధారపడిన స్థానంవారి నటన వంటిది ఈ సంతలో నష్టపడక తప్పదు. కృష్ణుని వైపు చూసి మెత్తబడవలసిన సత్యకు, మొదటి అంకంలో ఒక కృష్ణుడు, మూడవ అంకంలో ఒక కృష్ణుడు అయితే ఎవరిని చూసి మెత్తబడాలి?

1932లో భక్తప్రహ్లాద విడుదలతో తెలుగు టాకీ వచ్చినది. నరసింహారావుగారు కూడ రాధాకృష్ణ (1939), సత్యభామ (1942) చిత్రాలలో నటించినారు. రంగస్థలంపై ఉన్న కీర్తి తెరపై ఆయనను అనుసరించలేదు. కారణం దూరం. నాటకశాలలో నటునికీ ప్రేక్షకునికీ నడుమ ఒక ఒప్పందం ఉంటుంది. దీపపుకాంతి, తెర, ఆ దూరం దానిని కాపాడతాయి. కెమెరా ముఖానికి చేరువై చర్మాన్ని చూపుతుంది. అప్పటికి ఆయనకు నలుబదేళ్లు. మహారాష్ట్ర రంగస్థలంలో ఇదే స్థానం పొందిన బాలగంధర్వులకు కూడ 1937లో మీరాబాయి చిత్రంలో ఇదే అనుభవం ఎదురైనది. ఈ ఇద్దరినీ పోల్చేటప్పుడు ఒక భేదం మరువరాదు. బాలగంధర్వులు మొదట గాయకుడు. పాటకోసం జనం పాత్రను క్షమించేవారు. స్థానంవారు మొదట నటుడు, పాత్రకోసమే పాట. అంతేకాక బాలగంధర్వులు 1913లో సొంత నాటకమండలి స్థాపించి అప్పులపాలైనారు. తెనాలి సభ ఆశ్రయం స్థానంవారిని ఆ భారంనుండి కాపాడినది.

రంగూను సన్మానాన్ని ఆయన జీవితచరిత్రకారులందరూ ప్రస్తావిస్తారు. 1938లో అక్కడి ఆంధ్రులు ఆయనకు బంగారు కిరీటం బహూకరించినారు. బియ్యపు మిల్లులలో, రేవులో శ్రమించే వేలాది తెలుగువారు అప్పుడు ఆ నగరంలో ఉండినారు. అదే సంవత్సరం అక్కడ భారతీయులకు వ్యతిరేకంగా అల్లర్లు చెలరేగినాయి. 1942లో జపాను సేనలు ప్రవేశించగా వారిలో పలువురు కాలినడకన స్వదేశానికి పారిపోయి వచ్చినారు. ఇంటికి దూరమై కూలిచేసుకొనే మగవారు ఎక్కువగా ఉన్న ఆ సమాజం, ఇంటి ఇల్లాలి నడకను, అలుకను, పలుకును తెచ్చి చూపిన నటునికి కిరీటం పెట్టినది. ఆ బంగారానికి ఉన్న అర్థాన్ని తూకంలో కొలవలేము.

ఇంచుమించు నలుబది సంవత్సరాల నటజీవితంలో ఆయన 1500కు పైగా ప్రదర్శనలలో స్త్రీపాత్రలు ధరించినట్లు లెక్క. 1956లో భారతప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. తన పాత్రపోషణానుభవాలను ‘నటస్థానం’ అనే గ్రంథంగా వ్రాసినారు. నటుడు తన కళను తానే వివరించుకొన్న గ్రంథాలు మన భాషలో తక్కువ. మన ప్రాచ్యకళాశాలలలో దశరూపకం పాఠం చెప్పేవారు దీనిని పక్కన ఉంచుకొంటే అభినయవిభాగం బోధించడం సులభమవుతుంది. ఆయన తరువాత పద్యనాటకంలో స్త్రీపాత్రలను బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు చాలాకాలం నిలబెట్టినారు. కాని వారి కాలంలో అది ఎంచుకొన్న విద్య, స్థానంవారి కాలంలో వలె సభకు తప్పనిసరి కాదు.

1966లో శ్రీకృష్ణతులాభారం చలనచిత్రంగా వచ్చినది. రామారావుగారు కృష్ణుడు, జమునగారు సత్యభామ. నరసింహారావుగారు నాటకానికి చేర్చిన పాటను చిత్రంలో ఉంచినారు, సుశీలగారు పాడినారు. పురుషుడు స్త్రీకోసం వ్రాసుకొని నలుబదేళ్లు తానే పాడిన పాట, ఆయన జీవించి ఉండగానే స్త్రీకంఠానికి, స్త్రీముఖానికి చేరినది. ఆ తరువాత ఐదేళ్లకు, 1971 ఫిబ్రవరి 21న ఆయన పరమపదించినారు.